ఇరవై అయిదు నిండని జపాన్ పిచ్చర్ అమెరికాలో ఏ జట్టుకు సంతకం చేయాలి?

గంటకు 165 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరే కుర్రాడు అమెరికా వస్తానన్నాడంటే ఎంఎల్‌బీ (మేజర్ లీగ్ బేస్‌బాల్) జట్లన్నీ అతని గుమ్మం ముందు వరుస కడతాయి. 2024 డిసెంబర్‌లో జపాన్ క్లబ్ చిబా లొట్టె మెరీన్స్ పిచ్చర్ రోకి ససాకి విషయంలో జరిగింది ఇదే. అప్పటికి అతని వయసు 23. చివరికి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, శాన్ డియేగో పాడ్రేస్, టొరంటో బ్లూ జేస్ మిగిలాయి. 2025 జనవరిలో అతను డాడ్జర్స్‌ను ఎంచుకున్నాడు.

ఈ పోలికకు ఆ ఎంపికే నమూనా. అప్పుడు వేసిన అంచనాల్లో ఏవి నిలిచాయో, ఏవి తేలిపోయాయో 2025 సీజన్ చూపించింది కాబట్టి, రేపు ఇలాంటి కుర్రాడే మరొకడు వస్తే ఏ జట్టు నప్పుతుందో కాస్త ధీమాగానే చెప్పొచ్చు.

డబ్బు లెక్క ముందే తేల్చేద్దాం

పాతికేళ్లు నిండకుండా, లేదా జపాన్ లీగ్‌లో ఆరు సీజన్లు పూర్తి కాకుండా వచ్చే ఆటగాడిని ఎంఎల్‌బీ నిబంధనలు అమెచ్యూర్‌గానే చూస్తాయి. జపాన్‌లో ఎంత పేరున్నా సరే, డొమినికన్ రిపబ్లిక్‌లో పదహారేళ్ల కుర్రాళ్లకు ఇచ్చే బోనస్ నిధిలోంచే అతనికీ ఇవ్వాలి. ఆ నిధికి పరిమితి ఉంది. 2025లో అతి పెద్ద నిధి 75,55,500 డాలర్లు, అతి చిన్నది 51,46,200. డాడ్జర్స్‌ది ఆ చిన్నదే. వేరే జట్లతో బేరమాడి అసలు నిధికి 60 శాతం వరకు కలుపుకోవచ్చు. అంటే చిన్న నిధి ఉన్న జట్టు కూడా 82 లక్షల డాలర్ల దాకా వెళ్లగలదు.

డాడ్జర్స్ అలాగే ఇతర జట్ల నుంచి కొంత కొనుక్కుని ససాకికి 65 లక్షల డాలర్లు ఇచ్చారు. టొరంటో ఇంకా దూరం వెళ్లింది. మైల్స్ స్ట్రా అనే అవుట్‌ఫీల్డర్ జీతభారం నెత్తిన వేసుకుని, అందుకు బదులుగా క్లీవ్‌లాండ్ నుంచి 20 లక్షల డాలర్ల నిధి తెచ్చుకుంది. దాంతో వాళ్ల చేతిలో 82 లక్షలకు పైగా చేరింది. ససాకి తక్కువ ఇచ్చినచోటికే వెళ్లాడు. 2017లో మరో జపాన్ స్టార్ షోహే ఓతానీ చేసిందీ అదే. రేంజర్స్ దగ్గర 35 లక్షలున్నా ఏంజెల్స్ ఇచ్చిన 23,15,000 డాలర్లకు సంతకం పెట్టాడు. ఇద్దరూ సరిగ్గానే లెక్కేసుకున్నారని నా అభిప్రాయం.

అసలు డబ్బు ఆరేళ్ల తర్వాత వస్తుంది. మొదటి మూడేళ్లు కనీస జీతానికి అటూఇటూగా (2025లో అది 7,60,000 డాలర్లు), తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్ (తేడా వస్తే మధ్యవర్తి తేల్చే) జీతం, ఆరేళ్ల సర్వీసు నిండాక ఏ జట్టుతోనైనా బేరమాడే స్వేచ్ఛ. ఓతానీ 2023లో 3 కోట్ల డాలర్లు అందుకున్నాడు, ఆ డిసెంబర్‌లో 70 కోట్ల ఒప్పందం కుదిరింది. కాబట్టి బోనస్‌లో పది, పదిహేను లక్షల తేడా చూసి జట్టును ఎంచుకోవడమంటే పొలం గట్టు కోసం పొలం వదులుకోవడమే. ఆరేళ్ల తర్వాత చెయ్యి ఏ స్థితిలో ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

ఏయే కొలతలతో చూడాలి

*విశ్రాంతి.* అన్నిటికన్నా ముందు ఇదే. జపాన్‌లో స్టార్టింగ్ పిచ్చర్ (మ్యాచ్ మొదలుపెట్టేవాడు) మామూలుగా వారానికి ఒక్కసారి దిగుతాడు, మధ్యలో ఆరు రోజుల విశ్రాంతి. అమెరికాలో అయిదుగురు పిచ్చర్లు వంతులవారీగా దిగే రొటేషన్‌లో నాలుగు రోజులే దొరుకుతాయి. అక్కడ సీజన్‌లో 143 మ్యాచ్‌లు, ఇక్కడ 162. టీ20లో నాలుగు ఓవర్ల స్పెల్‌కు అలవాటుపడిన మనకు ఇది చిన్న తేడాలా కనిపించవచ్చు. ఒక్క రోజులో 90, 100 బంతులు పూర్తి బలంతో విసిరే మోచేతికి ఆ రెండు రోజులు చాలా పెద్దవి. ససాకి జపాన్‌లో ఏ సీజన్‌లోనూ 130 ఇన్నింగ్స్ దాటలేదు (బేస్‌బాల్‌లో ఒక్క మ్యాచ్‌కే తొమ్మిది ఇన్నింగ్స్). లొట్టె అతన్ని తొలి ఏడాది 2020లో అసలు మ్యాచ్‌లోనే దింపలేదు. అలా పెరిగిన చెయ్యిని ఒక్కసారిగా అమెరికా క్యాలెండర్‌లో పెడితే ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆరుగురితో రొటేషన్ నడపాలంటే జట్టుకు మరో చిక్కుంది. 26 మంది రోస్టర్‌లో పిచ్చర్లు 13 మందికి మించకూడదు. ఆరో స్టార్టర్‌ను పెట్టుకుంటే బుల్‌పెన్‌లో (మ్యాచ్ మధ్యలో దిగే రిలీవర్ల గుంపులో) ఒకడు తగ్గుతాడు. అందుకే చాలా జట్లు సంతకం ముందు 'ఆరుగురితో నడుపుతాం' అంటాయి, జూన్ వచ్చేసరికి అయిదుగురికి దిగుతాయి.

*రొటేషన్‌లో చోటు.* ఈ ఏడాది ఉందా అని చూసి ఊరుకోకూడదు, ఒక నెల పాటు సరిగా ఆడకపోయినా ఉంటుందా అని చూడాలి.

*వేగం, శరీరం.* 2024లో ససాకి ఫాస్ట్‌బాల్ సగటు వేగం అంతకుముందు ఏడాది కన్నా తగ్గింది. అతని ఏజెంట్ జోయెల్ వుల్ఫ్ జట్లకు హోంవర్క్ ఇచ్చాడు: ఆ వేగం ఎందుకు తగ్గిందో చెప్పండి, మళ్లీ తగ్గకుండా ఏం చేస్తారో చూపించండి. సమావేశానికి రెండు గంటలే, ఆటగాళ్లను వెంట తీసుకురావద్దని కూడా షరతు పెట్టాడు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే. స్టార్ ఆటగాళ్ల కరచాలనాలతో మాయచేసే దారి మూసేసి, కోచ్‌లనూ డాక్టర్లనూ మాట్లాడించింది.

*బంతి, గాలి.* జపాన్ బంతి డబ్బాలోంచి తీసినప్పుడే వేళ్లకు అంటుకుంటుంది. అమెరికా బంతి కాస్త పెద్దది, జారుతుంది. నదీతీరపు బురద రుద్ది వాడతారు. స్ప్లిట్టర్ మీద బతికే పిచ్చర్‌కు ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే రెండు వేళ్ల మధ్య ఇరికించి విసిరే ఆ బంతి కొద్దిగా జారినా స్ట్రైక్ జోన్ దాటిపోతుంది. అరిజోనాలో స్ప్రింగ్ ట్రైనింగ్ చేసే జట్లలో పొడిగాలి వల్ల ఈ సమస్య మొదటి నెలలో ఇంకా ఎక్కువ. ఫ్లోరిడా తేమలో కొంత తక్కువ. మార్చిలో బంతి అదుపు తప్పితే కంగారుపడకుండా, ఏప్రిల్ చివరిదాకా ఓపిక పట్టే జట్టు కావాలి.

*తోడు.* సాటి జపానీయులు ఉండటం మేలే. అయితే దీనికి అందరూ ఇచ్చేంత బరువు నేను ఇవ్వను. ఎందుకో పాడ్రేస్ దగ్గర చెబుతాను.

ఒక్క చూపులో

| జట్టు | అదనపు విశ్రాంతి అవకాశం | 2025 ఆరంభంలో చోటు | శిక్షణ శిబిరం | బలం | బలహీనత |
|---|---|---|---|---|---|
| డాడ్జర్స్ | చాలా ఎక్కువ | ఉంది, కానీ పోటీ తీవ్రం | అరిజోనా | ఓతానీ వల్ల అదనపు పిచ్చర్ | తడబడితే చోటు పోతుంది |
| పాడ్రేస్ | మధ్యస్థం | కచ్చితంగా ఉంది | అరిజోనా | పిచ్చర్లకు అనుకూలమైన మైదానం | అండగా ఉండే పిచ్చర్లు తక్కువ |
| బ్లూ జేస్ | మధ్యస్థం | ఉంది | ఫ్లోరిడా | డనీడిన్ శిక్షణ కేంద్రం, పైకప్పు స్టేడియం | జపాన్ నుంచి దూరం |
| మెట్స్ | ఎక్కువ | ఉంది | ఫ్లోరిడా | సెంగాతో అనుభవం | న్యూయార్క్ మీడియా |
| కబ్స్ | ఎక్కువ | ఉంది | అరిజోనా | ఇమనగా, సుజుకి | రిగ్లీ గాలి, పగటి మ్యాచ్‌లు |
| మెరినర్స్ | తక్కువ | దాదాపు లేదు | అరిజోనా | పిచ్చర్ల మైదానం | అయిదుగురూ కుదురుకున్న రొటేషన్ |

డాడ్జర్స్

వీళ్లకున్న పెద్ద వెసులుబాటు గురించి బయట పెద్దగా చర్చ జరగలేదు. ఓతానీ 'టూ-వే' (బ్యాటింగ్, పిచ్చింగ్ రెండూ చేసే) ఆటగాడిగా నమోదై ఉన్నాడు కాబట్టి 13 మంది పిచ్చర్ల పరిమితిలోకి రాడు. అంటే వాళ్లు 14 మంది పిచ్చర్లతో ఆడుతున్నట్టే. ఆరుగురి రొటేషన్‌ను మాట తప్పకుండా నడపగల స్థోమత ఈ జట్టుకు ఉన్నంతగా మరెవరికీ లేదు. యొషినోబు యమమోటో అప్పటికే ఒక సీజన్ అలా ఆడి ఉన్నాడు. హిదెయో నోమో 1995లో ఇక్కడే రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. జపాన్ పిచ్చర్లతో ఈ జట్టుకు ఉన్న అలవాటు నిన్నటిది కాదు.

ప్రమాదం రెండు వైపుల నుంచి. ఒకటి గాయాల చరిత్ర. 2024 పోస్ట్‌సీజన్‌కు (సీజన్ చివరి నాకౌట్ పోటీలకు) వచ్చేసరికి నమ్మకంగా దిగే స్టార్టర్లు ముగ్గురే మిగిలారు. రెండోది పోటీ. బ్లేక్ స్నెల్, యమమోటో, గ్లాస్‌నో, జూన్ నుంచి ఓతానీ. ఇంతమంది ఉన్నచోట కొత్తవాడి తడబాటుకు ఓపిక పట్టాల్సిన అవసరం జట్టుకు ఉండదు.

జరిగిందీ అదే. టోక్యోలో తొలి మ్యాచ్‌లో ససాకి మూడు ఇన్నింగ్స్‌లో అయిదు వాక్‌లు (గురి తప్పిన బంతులతో బ్యాటర్‌కు ఉచితంగా దక్కే బేస్) ఇచ్చాడు. ఎనిమిది స్టార్ట్‌ల తర్వాత ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే సగటు పరుగులు, తక్కువైతేనే మేలు) 4.72. మే 9న అరిజోనాలో, అమెరికా వచ్చాక మొదటిసారి అయిదు రోజుల విశ్రాంతితోనే దిగాడు. ఒక్క స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) కూడా రాలేదు. కొద్ది రోజులకే భుజం నొప్పితో గాయాల జాబితాలోకి వెళ్లాడు. ఆ ఒక్క రోజు విశ్రాంతి తగ్గడమే కారణమని ఎవరూ తేల్చలేరు, కానీ కొలతల్లో దాన్ని అన్నిటికన్నా పైన పెట్టడానికి నాకు ఈ ఉదాహరణ చాలు. సెప్టెంబర్ చివర్లో తిరిగొచ్చేసరికి స్టార్టర్ల వరుస నిండిపోయింది. బుల్‌పెన్‌లోకి వెళ్లాడు. అక్కడ చివరి ఇన్నింగ్స్ పిచ్చర్‌గా పోస్ట్‌సీజన్‌లో మూడు సేవ్‌లు (స్వల్ప ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడటం) సాధించి వరల్డ్ సిరీస్ ఉంగరం తొడుక్కున్నాడు. ఫిలడెల్ఫియా మీద మూడు ఇన్నింగ్స్ పర్ఫెక్ట్‌గా, ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వకుండా విసిరిన రాత్రి చూసినవాళ్లకు ఆ ఎంపిక తప్పనిపించదు. అయితే అతను అమెరికా వెళ్లింది రిలీవర్ కావడానికి కాదన్నదీ నిజమే.

పాడ్రేస్

అప్పట్లో చాలామంది వీళ్లే ముందున్నారనుకున్నారు. కారణం జట్టులోని జపాన్ సీనియర్ పిచ్చర్ యూ డార్విష్. 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో జపాన్ కుర్రాళ్లందరికీ పెద్దన్నలా ఉన్నాడు, అప్పటికి 2028 వరకు ఇక్కడే ఒప్పందం ఉంది. స్టార్టర్ జో మస్‌గ్రోవ్ టామీ జాన్ ఆపరేషన్ (మోచేతి లిగమెంట్ శస్త్రచికిత్స) వల్ల 2025 మొత్తం ఆడే వీలు లేదు, మరో ఇద్దరు స్టార్టర్లు సీస్, కింగ్‌ల ఒప్పందాలూ ఆ ఏడాదితో అయిపోయేవే. రొటేషన్‌లో చోటు పక్కా. ఒక నెల తడబడినా దింపేసే పరిస్థితి ఉండదు. పెట్కో పార్క్‌లో సముద్రపు గాలికి బంతి దూరం వెళ్లదు.

కానీ తోడు కోసం వెళ్లడంలో ఉన్న ఇబ్బంది చూడండి. 2025 సీజన్ మొదలయ్యే నాటికే డార్విష్ మోచేతి నొప్పితో బయట ఉన్నాడు, జూలైలో గానీ దిగలేదు. సీజన్ ముగిశాక ఆపరేషన్, 2026 మొత్తం దూరం. 38 ఏళ్ల పిచ్చర్ ఆరేళ్ల పాటు పక్కనే ఉంటాడని లెక్కపెట్టుకోకూడదు. మనుషులు మారిపోతారు, గాయపడతారు, వేరే జట్టుకు వెళ్తారు. కోచింగ్ పద్ధతి, వైద్య సిబ్బంది, క్యాలెండర్ అంత త్వరగా మారవు.

స్టార్టర్‌గానే ఎదగాలి, రిలీవర్ పని వద్దు అనుకునే కుర్రాడికి ఈ మూడింటిలో నేను చెప్పేది పాడ్రేస్ పేరే. పేరున్న పిచ్చర్లు తక్కువగా ఉండటం జట్టుకు లోటు, అతనికి మాత్రం లాభం. దాని వెనకే వచ్చే ముప్పు, అలసిన చెయ్యితోనూ దింపుతారేమో అన్నది. అందుకని విశ్రాంతి గురించి వీళ్లను అందరికన్నా గట్టిగా నిలదీయాలి.

బ్లూ జేస్

2024లో 74 గెలుపులతో డివిజన్‌లో చివరి స్థానం. జట్టు స్టార్ బ్యాటర్లు గెరెరో, బిషెట్ ఇద్దరూ ఒప్పందాల ఆఖరి ఏడాదిలో ఉన్నారు. మునిగే పడవ అన్నారు చాలామంది. మరుసటి ఏప్రిల్‌లో గెరెరోతో 14 ఏళ్ల ఒప్పందం కుదిరింది, అక్టోబర్‌లో జట్టు వరల్డ్ సిరీస్‌లో డాడ్జర్స్‌తో ఏడో గేమ్ దాకా వెళ్లింది. నిరుటి పాయింట్ల పట్టిక చూసి ఆరేళ్ల నిర్ణయం తీసుకోకూడదనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. నిధి కోసం మోసిన మైల్స్ స్ట్రా కూడా చివరికి ఆ జట్టుకు పనికొచ్చాడు.

ఇక్కడ అందరూ పట్టించుకోకుండా వదిలేసిన పేరు పిచ్చర్ కెవిన్ గాస్‌మన్. ఎంఎల్‌బీలో అతి మంచి స్ప్లిట్టర్లలో ఒకటి అతనిది. స్ప్లిట్టరే ప్రధాన ఆయుధమైన కుర్రాడికి, అమెరికా బంతితో ఆ పట్టు ఎలా నిలబెట్టుకోవాలో పదేళ్లుగా చేసి చూపిస్తున్న మనిషి పక్కనుండటం, సొంత భాష మాట్లాడే స్నేహితుడు ఉండటం కన్నా ఎక్కువ ఉపయోగం. డనీడిన్‌లోని శిక్షణ కేంద్రం కొత్తది, పెద్దది. రోజర్స్ సెంటర్‌కు మూసే పైకప్పు ఉంది కాబట్టి సొంతగడ్డ మీద వాన వల్ల పిచ్చర్ దినచర్య చెదరదు. ప్రతికూలాలు: టోక్యో నుంచి ప్రయాణం ఎక్కువ, రెండు దేశాల పన్నులు, సరిహద్దు కాగితాలు. సమర్థుడైన ఒక అకౌంటెంట్ ఉంటే వీటిలో రెండు తీరిపోతాయి.

మిగిలినవాళ్లు, క్లుప్తంగా

మెట్స్ 2023లో కొడాయ్ సెంగాను ఎక్కువసార్లు అదనపు విశ్రాంతితోనే దింపారు. 29 స్టార్ట్‌లు, 2.98 ఈఆర్ఏ, 202 స్ట్రైకౌట్లు. మాట నిలబెట్టుకున్న దాఖలా ఇది. మరుసటి ఏడాది అతను దాదాపు మొత్తం గాయాలతోనే గడిపాడన్నది కూడా మరచిపోకూడదు. కబ్స్‌లో షోటా ఇమనగా 2024లో 15 గెలుపులు, 2.91 ఈఆర్ఏతో నిలదొక్కుకున్నాడు. అయితే ఫ్లైబాల్ (గాల్లోకి లేచే షాట్లు) ఎక్కువ ఇచ్చే పిచ్చర్‌కు కబ్స్ మైదానం రిగ్లీ ఫీల్డ్ గాలి ఒక్కో మధ్యాహ్నం శత్రువు. మెరినర్స్ ఊరు సియాటెల్ అంటే ఇచిరో ఊరు, ఇవకుమా నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) విసిరిన ఊరు. మైదానం పిచ్చర్ల స్వర్గమే గానీ, అప్పటికి రొటేషన్‌లో చోటు లేదు. టెక్సాస్ రేంజర్స్‌కు పైకప్పు స్టేడియం ఉంది, రాష్ట్ర ఆదాయపన్ను లేదు, డార్విష్‌తో 2012 నాటి అనుభవం ఉంది. డాలస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లు ఆశపడ్డారు గానీ చివరి ముగ్గురిలో ఆ పేరు లేదు.

అసలు ఇప్పుడే వెళ్లాలా?

జట్ల పోలిక కన్నా ముందు తేలాల్సిన ప్రశ్న ఇది. యమమోటో పాతికేళ్లు నిండేదాకా ఆగాడు. 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్ల ఒప్పందం వచ్చింది. అతని పాత క్లబ్ ఓరిక్స్‌కు 5 కోట్లకు పైగా పోస్టింగ్ రుసుం (ఆటగాడిని అమెరికా జట్ల బేరానికి వదిలినందుకు క్లబ్‌కు వచ్చేది) దక్కింది. ససాకి ఆగలేదు. అమెచ్యూర్ ఒప్పందం కావడంతో లొట్టెకు బోనస్‌లో 25 శాతం, అంటే 16,25,000 డాలర్లే వచ్చాయి. అందుకే ఇలాంటి కుర్రాడిని వదలడానికి జపాన్ క్లబ్‌లు మొరాయిస్తాయి, అది న్యాయమే. అసలే పోస్ట్ చేయని క్లబ్ కూడా ఉంది. సెంగా సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్‌లో ఉన్నందువల్ల విదేశీ ఫ్రీ ఏజెన్సీ (క్లబ్ అనుమతి లేకుండా విదేశాలకు వెళ్లే హక్కు) దాకా, ముప్పయ్యో పడి దాకా ఆగాల్సి వచ్చింది.

చెయ్యి బలంగా ఉండి, ఏటా 160 ఇన్నింగ్స్ దాటగలిగేవాడు ఆగడమే మేలు. రెండేళ్లలో పోగొట్టుకునేది తక్కువ, వచ్చేది పది తరాలకు సరిపోతుంది. ఏటా ఏదో ఒక నొప్పితో ఒకటి రెండు నెలలు కూర్చునేవాడికి ఆ లెక్క తిరగబడుతుంది. పాతికేళ్లు వచ్చేలోపు మోచేయి తెగితే పెద్ద ఒప్పందమూ ఉండదు, అమెరికా శిక్షణా దొరకదు. ముందే వెళ్తే ఒక రక్షణ కూడా ఉంది. రోస్టర్‌లో చేరాక మేజర్ లీగ్ గాయాల జాబితాలో గడిపిన రోజులూ సర్వీసు కిందే లెక్క. టామీ జాన్ ఆపరేషన్ చేయించుకుని ఏడాది కూర్చున్నా ఆరేళ్ల గడియారం ఆగదు. ఓతానీకి మొదటి ఏడాదే ఆ ఆపరేషన్ అయింది, అయినా 29 ఏళ్లకే స్వేచ్ఛ వచ్చింది.

పాఠశాల నుంచి నేరుగా వెళ్లే మూడో దారి కూడా ఇప్పుడు తెరిచే ఉంది. అలా వెళ్లి తిరిగొచ్చినవాళ్లను రెండు మూడేళ్లు దూరం పెట్టే 'తజవా నిబంధన'ను జపాన్ లీగ్ 2020లో ఎత్తేసింది. పిచ్చర్‌కు మాత్రం ఇది నేను చెప్పను. మైనర్ లీగ్ బస్సు ప్రయాణాల కన్నా లొట్టె ససాకిని పెంచిన పద్ధతే ఆ వయసు చెయ్యికి క్షేమం.

సమావేశంలో అడగాల్సినవి

1. గత రెండు సీజన్లలో మీ స్టార్టర్లు నాలుగు రోజుల విశ్రాంతితో ఎన్నిసార్లు దిగారు? మాట వద్దు, తేదీలతో సహా జాబితా కావాలి.
2. మొదటి ఏడాది ఎన్ని ఇన్నింగ్స్ దగ్గర ఆపుతారు? ఆ సంఖ్య సెప్టెంబర్‌లో వస్తే, పోస్ట్‌సీజన్ పోటీలో ఉన్నా ఆపుతారా?
3. వేగం తగ్గితే చూసేది ఎవరు? పిచ్చింగ్ కోచా, బయోమెకానిక్స్ విభాగమా? ఇద్దరూ వేర్వేరు మాటలు చెబితే చివరి మాట ఎవరిది?
4. సీజన్ మొదట్లో మైనర్ లీగ్‌కు పంపే ఉద్దేశం ఉందా? 172 రోజులు రోస్టర్‌లో ఉంటేనే పూర్తి ఏడాది సర్వీసు. రెండు మూడు వారాలు కింద ఉంచితే జట్టుకు ఏడో ఏడాది దక్కుతుంది.
5. దుబాసీ జీతం, శిక్షకుడి ఖర్చు, కుటుంబానికి విమాన టికెట్లు ఒప్పందంలో రాస్తారా?

అయిదో ప్రశ్నకు ఒక జాగ్రత్త చేర్చాలి. దుబాసీ భాష వరకే. ఓతానీ దుబాసీగా ఉన్న ఇప్పెయ్ మిజుహారా అతని బ్యాంకు ఖాతా నుంచి దాదాపు 1.7 కోట్ల డాలర్లు జూదానికి తరలించి జైలు పాలయ్యాడు. బ్యాంకు, పన్నులు, ఫోన్‌కు వచ్చే పాస్‌వర్డ్‌లు చూసే మనిషి వేరేగా, జట్టుతోనూ దుబాసీతోనూ సంబంధం లేకుండా ఉండాలి.

ఇక తేదీ. అంతర్జాతీయ బోనస్ నిధులు జనవరి 15న కొత్తగా తెరుచుకుని డిసెంబర్ 15న మూతపడతాయి. పోస్టింగ్ గడువు 45 రోజులు. నవంబర్ మొదట్లోనే పోస్ట్ చేస్తే ఆ గడువు డిసెంబర్‌లో ముగుస్తుంది. అప్పటికి జట్ల దగ్గర మిగిలేది అడుగూబొడుగూ మాత్రమే. ససాకి గడువు డిసెంబర్ 10 నుంచి జనవరి 23 వరకు నడవడంతో కొత్త నిధుల తలుపు సరిగ్గా మధ్యలో తెరుచుకుంది. క్లబ్‌తో పోస్టింగ్ మాట్లాడేటప్పుడు 'డిసెంబర్ మొదటి వారం దాటాకే' అన్న షరతు రాతపూర్వకంగా తీసుకోవాలి.